బెండు ఆడినంత మాత్రాన

వానపాముని గుచ్చితే చేప మింగుతుంది, పిండి ఉండని గుచ్చితే చప్పరిస్తుంది. ఈ తేడా తెలియనివాళ్ళు రోజంతా గేలం పట్టుకుని కూర్చున్నా ఖాళీ సంచీ ఊపుకుంటూ ఇంటికి రావలసిందే. వానపాము ఎరకైతే నీళ్ళ మీద తేలే బెండు బుడుంగున మునిగి పక్కకి పోతుంది, అప్పుడు తీరిగ్గా లాగినా చాలు. ఉండ దగ్గర ఆ పప్పులుడకవు. చేప దాన్ని నోట్లోకి పీల్చి, రుచి చూసి, నచ్చకపోతే ఊసేస్తుంది. పీల్చడానికీ ఊసెయ్యడానికీ మధ్యలో కర్ర పైకి లేవాలి. అలాగని బెండు ఆడినప్పుడల్లా లాగితే ఎర పాడవడం తప్ప ఏమీ ఉండదు. పరిగె పిల్లలు పొడిచినా అది ఆడుతుంది. పెద్ద చేప దాని దారిన అది పోతూ ఒళ్ళు దారానికి రాసుకున్నా ఆడుతుంది. ఏది మనకోసం ఆడిందో, ఏది దాని మానాన అది ఆడిందో తెలుసుకోవడమే గేలం వెయ్యడమంటే. ఇదంతా మా నాన్న నాగావళి ఒడ్డున నాకు నేర్పాడు. ఆడపిల్లకి గేలమేమిటని మా అమ్మ సాధించేది. చేపలు తోముకునేటప్పుడు మాత్రం ఆ మాట మరిచిపోయేది.

ఆ విద్య జంషెడ్‌పూర్‌లో నా మొగుడికి నేర్పవలసి వస్తుందని, అదీ అలాంటి వానాకాలంలో అని, నేను కలలో కూడా అనుకోలేదు.

మేమప్పుడు భాలుబాసాలో ఉండేవాళ్ళం. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో చిన్న చిన్న కార్ఖానాలు కొత్తగా లేస్తున్న రోజులు. వాటిలో ఒక ఫౌండ్రీలో మా ఆయన ఆమోసు క్రేను డ్రైవరు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను అది. దాని గూట్లో కూర్చుంటే కింద మనుషులు గొంతు చించుకుని అరిచినా వినపడదు. అందుకని కింద ఒక ఖలాసీ నిలబడి చేత్తో సైగ చేస్తాడు. వేలు పైకి తిప్పితే సరుకు ఎత్తాలి, అరచెయ్యి కిందికి జారిస్తే దించాలి. ఆ ఒక్క చెయ్యి చెప్పిందే మాట. ఆ చెయ్యి సవరయ్య బావగారిది.

బావగారంటే వరసకి కాదు. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆయన భార్య త్రేసమ్మక్క నాకు ఈ ఊళ్ళో మొదటి స్నేహితురాలు. వాళ్ళు ఆర్సీఎం వాళ్ళు, మేము బాప్టిస్టులం. వాళ్ళకి మరియమ్మా జపమాలా, మాకు పాటల పుస్తకమూ గంటసేపు ప్రసంగమూను. ఉరుము ఉరిమితే ఆవిడ నుదురూ గుండే భుజాలూ ముట్టుకునేది, నేను చెవులు మూసుకునేదాన్ని. మీ దేవుడికి చెవుడా అంత గట్టిగా పాడతారు అని ఆవిడ అంటే, మీ దేవుడికి లెక్కలు రావా పూసలు లెక్కపెట్టి చూపిస్తారు అని నేననేదాన్ని. మొగాళ్ళిద్దరూ అది విని నవ్వుకుంటూ సైకిళ్ళెక్కి నది దాటేవారు.

తొలకరి వానల్లో ఆ ప్రమాదం జరిగింది. ఇసుక నింపిన పెద్ద అచ్చు పెట్టె క్రేనుకి వేలాడుతూ ఉంది. బయట ఎక్కడో పిడుగు పడి షెడ్డు రేకులన్నీ అదిరాయట. సవరయ్య బావగారు పెట్టె కింద దుంగ సర్దుతున్నారు, ఎడమచెయ్యి లోపలే ఉంది. పెట్టె దిగిపోయింది. ఆ చెయ్యి మణికట్టు దగ్గరికి తీసెయ్యవలసి వచ్చింది.

"దించమన్నాడు, దించాను," అన్నాడు ఆమోసు.

"నాను దించమన్నేదు," అన్నారు సవరయ్య బావగారు ఆసుపత్రి మంచం మీదనుంచి.

ఇద్దరిలో ఎవరూ ఆ మాట మార్చలేదు. బావగారు కోలుకుని బయటికొచ్చాక, విశ్వకర్మ పూజ అయ్యాక, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి విచారణ చేస్తామని మేనేజరు చెప్పాడు. అంతవరకూ ఆమోసుని ఇంటి దగ్గర కూర్చోమన్నారు. సైగ లేకుండా దించాడని తేలితే అతని ఉద్యోగం పోతుంది. క్రేనుతో మనిషిని నలిపినవాడంటే ఈ ఊళ్ళో ఇంకెవరూ గూడెక్కించరు. సైగ ఇచ్చాడని తేలితే తప్పు బావగారిదవుతుంది, ఒంటిచేతి మనిషికి ఇస్తామన్న గేటు పని ఇవ్వరు. ఒక ఇల్లు నిలబడాలంటే ఇంకో ఇల్లు కూలాలి. దేవుడా, ఇదేం తగువు పెట్టావు మాకు అనుకునేదాన్ని.

వీధి కుళాయి దగ్గర త్రేసమ్మక్క నాతో మాట్లాడ్డం మానేసింది. ఒకరోజు బిందె నిండుతుండగా, నావైపు చూడకుండానే అంది.

"మా ఆయన ఎన్నడైనా అబద్దమాడినాడేటే, నువ్వే సెప్పు."

"మా మావ ఆడినాడా అక్కా?"

"మరి ఎవులో ఒకలు ఆడాలి గదా."

ఆవిడ బిందె ఎత్తుకుంటుంటే అలవాటుగా చెయ్యి వెయ్యబోయాను. ఆవిడ పక్కకి జరిగింది. బిందె తొణికి చీరంతా తడిసినా తిరిగి చూడలేదు.

ఇంట్లో ఇంకో భయం మొదలైంది. ఆమోసు కుడిచెయ్యి మాట వినడం మానేసింది. దెబ్బ లేదు, వాపు లేదు. టీ గ్లాసు ముందు పెడితే దాన్నలా చూస్తూ కూర్చునేవాడు. చల్లారిపోయాక ఎడమచేత్తో తాగేవాడు. క్రేను మీట తిప్పే చెయ్యి అది.

"ఏటైంది మావా?" అని అడిగాను.

"ఎత్తుదావంటే, ఎవులు ఎత్తమన్నారని అడుగుతాది సెయ్యి," అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, "బాలా, నాను నిజంగా సూశానా? సూసినట్టు అనుకున్నానా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమోసు నన్ను అంత భయపెట్టిన మాట ఇంకోటి లేదు. తనని ఎవరు నమ్మకపోయినా మొండిగా నిలబడే మనిషి, తన కళ్ళని తనే నమ్మడం మానేశాడు. ఇలా గోడకేసి చూస్తూ కూర్చుంటే ఏమైపోతాడో అనిపించింది. అప్పుడు నాకు గేలం గుర్తొచ్చింది.

సాక్చి బజారులో గేలమూ దారమూ తెచ్చాను. వెదురుకర్ర పెరట్లోదే. తెలగపిండి, వేయించిన తవుడు, కొంచెం గోధుమపిండి గంజితో కలిపి, మెంతిపొడి చల్లి, బఠాణీ గింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టాను. పైన గట్టిపడాలి, లోపల మెత్తగా ఉండాలి. ఇల్లంతా ఆ వాసనే. ఆమోసు ముక్కు మూసుకుని, ఇది చేపలకా మనకా అన్నాడు. ప్రమాదం తరవాత అతను వేసిన మొదటి వేళాకోళం అది. ఆ పూట పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఖర్కాయి అప్పటికి వరద మీదుంది. ఒడ్డుకి కాస్త ఎగువన ఇటుకబట్టీవాళ్ళు మన్ను తవ్వుకుపోయిన గుంటొకటి వాననీటితో నిండి ఉండేది. వరద పొంగి వచ్చినప్పుడు చేపలు అందులో చిక్కుకుపోయేవి. గొడుగు వేసుకుని కూర్చునే బెంగాలీ ముసలాయనొకడు తప్ప అక్కడికి ఎవరూ వచ్చేవారు కారు. నేను ఉండ గుచ్చి, బెండు సరిచేసి, కర్ర ఆమోసు కుడిచేతిలో పెట్టాను. దాన్ని పట్టుకోడానికి ఆ చెయ్యి ఒప్పుకుంది. ఎత్తడానికే ఒప్పుకోలేదు.

బెండు వణికేది. అతను చూసేవాడు. బెండు కాస్త పైకి లేచి, అడ్డంగా పడుకుని, మెల్లగా కిందికి జారేది. అదే అదను. అతను అప్పుడూ చూస్తూనే ఉండేవాడు. ఉండ ఊసేసి చేప వెళ్ళిపోయేది, బెండు మళ్ళీ నిటారుగా నిలబడేది.

"పోయింది," అనేవాడు.

"పోనీ. ఇంకోటొత్తాది."

"అది నిజంగా చేపేనా?"

"చేపే మావా. ముందు ఆడింది పరిగెలు. తర్వాత పడుకుంది సూడు, అది చేప."

"నీకెలా తెలుసు?"

"తప్పు లాగి తప్పు లాగి తెలుసుకున్నాను. మా నాన్న గేలాలు ఎన్ని తెంపానో ఆ నాగావళినే అడుగు."

తప్పు అనే మాట విని అతని మొహం మారిపోయింది. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు. మర్నాడు వద్దంటాడేమో అనుకున్నాను గానీ, తనే ఎడమచేత్తో ఉండలు చుట్టి ఆరబెట్టి ఉంచాడు. ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి, ఒకటి రేగిపండంత, ఒకటి ఆవగింజంత. నేను ఏరకుండా అన్నీ తీసుకెళ్ళాను.

శ్రావణమంతా అలాగే గడిచింది. చేపలకి బాగా మేపు పెట్టాం. ఇంటికి ఒక్కటీ తేలేదు.

భాద్రపదంలో సవరయ్య బావగారు ఇంటికి వచ్చారు. గోడ అవతల ఆయన దగ్గు వినపడేది. ఆయన దగ్గినప్పుడల్లా ఆమోసు మెడ వంచుకునేవాడు. పలకరించడానికి వెళ్దామని నేనంటే, ఏ మొహంతో అన్నాడు. వాళ్ళూ రాలేదు. విశ్వకర్మ పూజకి రిక్షాలకీ లారీలకీ బంతిపూల దండలు కడుతున్నారు. ఇంక విచారణ ఎన్నాళ్ళో లేదు.

ఆ పూజకి ముందు రోజు మధ్యాహ్నం గుంట దగ్గర ఉన్నాం. మబ్బు కమ్ముకుని ఉంది. ఎదుటి గట్టు మీద ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. సవరయ్య బావగారూ, ఆయన వెనక త్రేసమ్మక్కానూ. ఎడమవైపు చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది. మనిషి సగమయ్యారు. దెబ్బలాడ్డానికి వచ్చారో, పలకరించడానికి వచ్చారో నాకు బోధపడలేదు. వాళ్ళకీ తెలిసినట్టు లేదు. మధ్యలో నీళ్ళు.

ఆమోసు తలెత్తి ఆయన్ని చూశాడు. కర్ర చేతిలోనే ఉంది.

అప్పుడు నది అవతల పిడుగు పడింది. నేను చెవులు మూసుకున్నాను. బావగారి కుడిచెయ్యి నుదుటి దగ్గరికి లేచి, అక్కణ్ణుంచి గుండె మీదికి దిగింది. ఆ చెయ్యి దిగడం, మా ఆయన చేతిలో కర్ర కొస దిగి నీళ్ళలో మునగడం, రెండూ ఒక్కసారే జరిగాయి.

బావగారి చెయ్యి గుండె మీదే ఆగిపోయింది. భుజాల దాకా వెళ్ళలేదు. ఆయన నీళ్ళలో మునిగిన కర్రనే చూస్తున్నారు.

చినుకులు మొదలయ్యాయి.

"ఆమోసూ," అన్నారు ఆయన. గుంట చిన్నది, గొంతు పెంచవలసిన పని లేదు. "ఇప్పుడేటి సూశావు?"

"సెయ్యి."

"ఏటంది?"

"దించమంది అన్నా."

ఆయన తన చేతిని తనే ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నారు. "ఆ రోజూ ఇలాగే పడింది పిడుగు," అన్నారు. "సిలువ గుర్తు ఏసుకున్నానో నేదో నాకు గేపకం నేదు. సిన్నప్పటి నుంచీ సెయ్యి దానంతటదే లేత్తాది, నానెక్కడ సూత్తాను."

త్రేసమ్మక్క గట్టు మీద బురదలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది, వెంటనే సిగ్గేసింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. నా మొగుడి కళ్ళు సరిగ్గానే చూశాయి. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషికి చెయ్యి లేదు, ఆ నిజం ఎక్కడికీ పోదు.

ఆమోసు కర్ర కొస నీళ్ళలోంచి తియ్యలేదు. తల వంచుకుని ఉన్నాడు. నేను బెండు వైపు చూశాను, ఇంకెటు చూడాలో తెలియక. అది వణికింది. పరిగెలు. తరవాత కాస్త పైకి లేచింది. అడ్డంగా పడుకుంది. నా నాలుక కొస దాకా వచ్చిన మాటని పళ్ళతో నొక్కి పట్టుకున్నాను. నేను చెప్తే ఆ చెయ్యి నా మాటకి లేచినట్టవుతుంది.

"ఆమోసూ," అన్నారు బావగారు మళ్ళీ.

ఆమోసు తలెత్తాడు. ఎదుటి గట్టు మీద, వానలో, ఆయన కుడిచెయ్యి ముందుకి చాచి, వేలు పైకి తిప్పారు.

కర్ర లేచింది. ఎంత లేవాలో అంతే లేచింది, మణికట్టు దగ్గర చిన్న విరుపు. దారం బిగిసి కర్ర వంగింది. గొడుగు ముసలాయన బెంగాలీలో ఏదో అన్నాడు. ఒడ్డుకి వచ్చింది మోచెయ్యంత శీలావతి చేప. ఆమోసు గేలం విడిపించి, చేపని రెండు చేతుల్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా దిగబడే బురదలో గట్టు చుట్టూ తిరిగి వెళ్ళి, త్రేసమ్మక్క ముందు నిలబడ్డాడు. ఆవిడ కొంగు పట్టింది. ఆ సాయంత్రం గోడ అవతల్నుంచి కూర గిన్నె మా ఇంటికి వచ్చింది.

విచారణలో ఏం జరిగిందో ఆమోసు నాకు చెప్పాడు. మేనేజరు అడక్కముందే బావగారు, "సెయ్యి నాదే సార్. సైగ కాదు గానీ సెయ్యి నాదే," అన్నారట. అది సైగ కాదని నాకు తెలీలేదు, మీట నాదే అన్నాడట ఆమోసు. మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆ చెయ్యి ఎలా దిగిందో ఒకసారి చూపించమన్నాడట బావగారిని. వాళ్ళు నిలబడ్డది షెడ్డులోనే. నెత్తిన క్రేను నడుస్తోంది.

"నాను సూపించను సార్," అన్నారట బావగారు. "పైన ఎవులో ఉన్నారు."

ఆ మాటకి మేనేజరు తలెత్తి క్రేను వంక చూసి, ఇంకేమీ అడగలేదట. బావగారికి గేటు పని ఇచ్చారు. ఆమోసు మళ్ళీ గూడెక్కాడు. ఎక్కేముందు ఒకటి అడిగాడు: సైగ చేసే చేతికి ఎర్ర తొడుగు ఉండాలి, ఎర్ర చెయ్యి చెప్పిందే సైగ, మిగతా చెయ్యి మనిషిది. త్రేసమ్మక్కా నేనూ కూర్చుని, ఆవిడ పాత ఎర్ర రవిక విప్పదీసి దాన్ని కుట్టాం.

అన్నీ చక్కబడ్డాయనుకున్నాను. దసరా దగ్గరపడుతుండగా కుళాయి దగ్గర త్రేసమ్మక్క మెల్లగా అంది.

"మా ఆయన సిలువ గుర్తు ఏసుకోడం మానేశాడే. కూడు తినేముందు నేదు, పడుకునేముందు నేదు. గుడికెల్తే అందరూ ఏసుకుంటారు, ఆయన సెయ్యి మోకాలు మీదే ఉంటాది. ఫాదరుగారు అడిగితే నవ్వి ఊరుకుంటాడు."

"ఎందుకంట?"

"నాకు సెప్పడు. సెయ్యి లేవదంతే."

ఇంటికొచ్చి ఆమోసుకి చెప్పాను. ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని, పాటల పుస్తకం బల్ల మీదే వదిలేసి, "మనం ఈయాల అన్నవాళ్ళ గుడికెల్దాం," అన్నాడు. బాప్టిస్టులం ఆర్సీఎం గుడి మెట్లెక్కడమంటే ఆ రోజుల్లో సామాన్యం కాదు. మా పాస్టరుగారికి తెలిస్తే నెలరోజుల ప్రసంగం మా మీదే. వెళ్ళాం.

బావగారి పక్కన ఆమోసు కూర్చున్నాడు, వెనక బల్ల మీద త్రేసమ్మక్క పక్కన నేను. ఫాదరుగారు లాటిన్‌లో మొదలుపెట్టారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. గుడిలో చేతులన్నీ నుదుళ్ళ దగ్గరికి లేచాయి. బావగారి చెయ్యి లేవలేదు. మోకాలి మీద వేళ్ళు మాత్రం ముడుచుకున్నాయి.

ఆమోసు ఆయన వైపు వంగాడు. మెల్లగానే అన్నాడు గానీ నాకు వినపడింది.

"ఏసుకో అన్నా. నాను పైన గూట్లో లేను. నీ పక్కనే ఉన్నాను."

బావగారి వేళ్ళు విచ్చుకున్నాయి. తరవాత ఆ చెయ్యి లేచింది. నుదురు ముట్టుకుని, మెల్లగా గుండె మీదికి దిగింది. అక్కడ ఆగింది. ఆయన ఓరగా పక్కకి చూశారు.

ఆమోసు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉన్నాడు.

చెయ్యి ఎడమ భుజానికి వెళ్ళింది, అక్కణ్ణుంచి కుడి భుజానికి వెళ్ళింది.